ఎడ్యుకేషన్ లోన్: చదువు అయ్యేదాకా కట్టక్కర్లేదు, కానీ వడ్డీ మాత్రం ఆగదు

ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో సీటు వచ్చిందని ఫోన్‌కు మెసేజ్ రాగానే ఇంట్లో రెండో లెక్క మొదలవుతుంది. కన్వీనర్ కోటానా, మేనేజ్‌మెంట్ కోటానా? రీయింబర్స్‌మెంట్ ఎంత వస్తుంది? మిగతాది ఎక్కడి నుంచి తేవాలి? కాలేజీలో రిపోర్ట్ చేయడానికి కొద్ది రోజులే గడువు ఉంటుంది. ఆ తొందరలో చాలామంది ముందు బంగారం తాకట్టు పెట్టి ఫీజు కట్టేస్తారు, తర్వాత తీరిగ్గా బ్యాంకుకు వెళ్తారు. స్కాలర్‌షిప్ సంగతి అన్నిటికంటే చివర గుర్తొస్తుంది.

అసలు వరస దీనికి తలకిందులుగా ఉండాలి. ముందు తిరిగి కట్టక్కర్లేని డబ్బు, తర్వాత ప్రభుత్వం వడ్డీ భరించే లోన్, ఆ తర్వాతే మామూలు లోన్. ఈ వరస తప్పితే పోయేది ఎంతో లెక్క వేసి చూద్దాం.

తిరిగి కట్టక్కర్లేని డబ్బు ఎక్కడ ఉంది?

తెలుగు రాష్ట్రాల్లో మొదట చూడాల్సింది ఫీజు రీయింబర్స్‌మెంట్. కన్వీనర్ కోటాలో వచ్చిన సీట్లకే ఇది వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఆదాయం ఎంత తక్కువైనా రాదు.

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పూర్తి ఫీజు ఇస్తారు. బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఇంజినీరింగ్‌లో 10 వేల లోపు ర్యాంకు ఉంటే పూర్తి ఫీజు వస్తుంది. ఆ పైన ర్యాంకు వచ్చినవారిలో ఎక్కువ మందికి ఏడాదికి 35 వేల రూపాయలే పరిమితి. ఫీజు లక్ష దాటిన కాలేజీలో చేరితే మిగతాదంతా ఇంటివాళ్లే కట్టుకోవాలి. బీసీ, ఈబీసీ, మైనారిటీ కుటుంబాల ఆదాయం గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. దరఖాస్తు ఈ-పాస్ పోర్టల్‌లో పెట్టుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఆదాయ పరిమితి 2.5 లక్షలు. విద్యా దీవెన పేరుతో నడిచిన రోజుల్లో ఈ డబ్బు తల్లుల ఖాతాల్లో పడేది, వాళ్లు కాలేజీకి కట్టేవారు. 2024లో ప్రభుత్వం మారాక నేరుగా కాలేజీ ఖాతాకే పంపాలని నిర్ణయించారు. కాబట్టి అమ్మ అకౌంట్‌లో పడలేదని కంగారు పడనక్కర్లేదు. కాలేజీకి చేరిందో లేదో మాత్రం అకౌంట్స్ సెక్షన్‌లో అడిగి తెలుసుకోవాలి.

రెండు చోట్లా ఉన్న అసలు చిక్కు బకాయిలు. డబ్బు మంజూరవుతుంది, విడుదల కావడానికే ఏళ్లు పడుతుంది. తెలంగాణలో 2025లో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బకాయిల కోసం కాలేజీలు మూసేసి నిరసనకు దిగాయి. ఈ గొడవలో చివరికి నలిగేది విద్యార్థే. కోర్సు అయిపోయాక "ముందు ఫీజు కట్టండి, గవర్నమెంటు నుంచి వచ్చాక తిరిగి ఇస్తాం" అంటూ సర్టిఫికెట్లు ఆపేస్తారు. ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా ఆ మాట కౌంటర్ దగ్గర అంత తేలిగ్గా చెల్లడం లేదు. అందుకే రీయింబర్స్‌మెంట్ వస్తుందన్న ధీమాతో చేతిలో ఉన్నదంతా ఖర్చు పెట్టేయకండి. ఆఖరి ఏడాది ఫీజుకు సరిపడా కొంత పక్కన ఉండాలి.

రాష్ట్రం సంగతి అలా ఉంచితే, కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్‌లకు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అప్లై చేసుకోవాలి. పన్నెండో తరగతిలో తమ బోర్డులో 80వ పర్సంటైల్ పైన నిలిచి, కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉన్నవారు సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్‌కు పోటీ పడవచ్చు. డిగ్రీలో మొదటి మూడేళ్లు ఏడాదికి 12 వేలు, పీజీలో 20 వేలు ఇస్తారు. టెక్నికల్ కోర్సులో చేరిన అమ్మాయిలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 50 వేలు వస్తాయి. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే చాలు, ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల వరకు ఇస్తారు. దివ్యాంగులకు ఇలాంటిదే సక్షమ్ ఉంది. నాలుగేళ్లకు రెండు లక్షలు చిన్న మొత్తమేమీ కాదు. అయినా సీటు వచ్చిన హడావుడిలో ఎక్కువగా మర్చిపోయేది వీటినే.

ఐఐటీలో సీటు వస్తే లెక్క వేరు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు అక్కడ ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. మిగతావారిలో కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉంటే పూర్తి మాఫీ, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. హాస్టల్, మెస్ ఖర్చులు మాత్రం విడిగా ఉంటాయి. గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది కాబట్టి చాలామందికి లోన్ అవసరమే పడదు.

మారటోరియం అంటే వడ్డీ లేని కాలమా?

కాదు. ఎడ్యుకేషన్ లోన్ విషయంలో ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే.

బ్యాంకుల మోడల్ ఎడ్యుకేషన్ లోన్ స్కీమ్ ప్రకారం కోర్సు కాలం, ఆ తర్వాత మరో ఏడాది కలిపి మారటోరియం ఇస్తారు. ఆ రోజుల్లో ఈఎంఐ అడగరు. కానీ బ్యాంకు మొదటి విడత ఫీజును కాలేజీకి పంపిన రోజు నుంచే వడ్డీ మీ ఖాతాలో పడుతూ ఉంటుంది. మారటోరియంలో బారువడ్డీ లెక్కే, అంటే వడ్డీ మీద వడ్డీ వేయరు. గడువు ముగిసిన రోజున మాత్రం పోగైన వడ్డీ మొత్తాన్ని అసలుకు కలిపి, దాని మీద ఈఎంఐ కడతారు. అక్కడి నుంచి ఆ వడ్డీకి కూడా వడ్డీ నడుస్తుంది.

ఒక ఉదాహరణ. బీటెక్‌కు ఏటా 2 లక్షల చొప్పున నాలుగేళ్లకు 8 లక్షల లోన్ తీసుకున్నారు. వడ్డీ 10 శాతం అనుకుందాం. డబ్బు ప్రతి విద్యా సంవత్సరం మొదట్లో విడుదలైంది. మారటోరియం నాలుగేళ్ల చదువు, ఒక ఏడాది విరామం, మొత్తం ఐదేళ్లు. మొదటి 2 లక్షల మీద ఐదేళ్లకు లక్ష రూపాయల వడ్డీ అవుతుంది. రెండో విడత మీద 80 వేలు, మూడో దాని మీద 60 వేలు, నాలుగో దాని మీద 40 వేలు. మొత్తం 2 లక్షల 80 వేలు. అంటే ఈఎంఐ మొదలయ్యే రోజుకు బాకీ 8 లక్షలు కాదు, 10 లక్షల 80 వేలు.

దీన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 14,270 రూపాయలు కట్టాలి. మొత్తం కట్టేది సుమారు 17 లక్షల 13 వేలు. భారం తగ్గుతుందని పదిహేనేళ్లు పెట్టుకుంటే ఈఎంఐ 11,600 దగ్గరికి దిగుతుంది గానీ, మొత్తం 20 లక్షల 89 వేలు అవుతుంది.

ఇప్పుడు రెండో దారి. చదువుతున్నప్పుడే ఇంటివాళ్లు ఏ నెల వడ్డీ ఆ నెల కట్టేశారనుకోండి. మొదటి ఏడాది నెలకు 1,667 రూపాయలు, రెండో ఏడాది 3,333, మూడో ఏడాది 5,000, ఆ తర్వాత 6,667. ఐదేళ్లలో కట్టింది అదే 2 లక్షల 80 వేలు. కానీ ఈఎంఐ 8 లక్షల మీదే మొదలవుతుంది, నెలకు 10,570. వడ్డీతో కలిపి మొత్తం 15 లక్షల 49 వేలు. పదేళ్ల లెక్కతో పోలిస్తే లక్షా 64 వేలు మిగులుతుంది. చదువు కాలంలో వడ్డీ సక్రమంగా కడితే ఒక శాతం దాకా వడ్డీ రాయితీ ఇచ్చే బ్యాంకులు కూడా ఉన్నాయి. అమ్మాయిలకు అర శాతం తగ్గించేవీ ఉన్నాయి. లోన్ మంజూరు చేయించుకునేటప్పుడే ఈ రెండూ అడగాలి.

అందరి ఇంట్లో నెలకు ఐదారు వేలు తేలిగ్గా రావు. అది నిజమే. మొదటి ఏడాది 1,667 అయినా కట్టగలిగితే కట్టండి. నాలుగు విడతల్లో అన్నిటికంటే ఎక్కువ వడ్డీ మొదటి విడత డబ్బు మీదే పడుతోంది.

ఆ వడ్డీని ప్రభుత్వం కట్టే అవకాశం ఎవరికి?

పై ఉదాహరణలోని 2 లక్షల 80 వేల వడ్డీని పూర్తిగా కేంద్రమే భరించే పథకం ఒకటి 2009 నుంచి ఉంది. దాని పేరు సెంట్రల్ సెక్టార్ ఇంటరెస్ట్ సబ్సిడీ. బ్యాంకుల్లో సీఎస్ఐఎస్ అంటారు. తల్లిదండ్రుల ఆదాయం అన్నీ కలిపి ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండాలి, మన దేశంలోనే గుర్తింపు ఉన్న సంస్థలో టెక్నికల్ లేదా ప్రొఫెషనల్ కోర్సు చదవాలి. 10 లక్షల వరకు లోన్‌పై మారటోరియం కాలపు వడ్డీ మొత్తం ప్రభుత్వానిదే. మన ఉదాహరణలో ఈ సబ్సిడీ వస్తే ఆ కుటుంబం కట్టేది 17.13 లక్షలకు బదులు 12.69 లక్షలు. తేడా 4 లక్షల 44 వేలు.

ఇంత తేడా తెచ్చేది ఒక ఆదాయ ధ్రువీకరణ పత్రం. లోన్ తీసుకునేటప్పుడు అది ఇవ్వకపోయినా, ఇచ్చినా బ్రాంచిలో ఖాతాను ఈ పథకం కింద నమోదు చేయకపోయినా సబ్సిడీ రాదు. బ్యాంకు ముందు వడ్డీ వేసి, తర్వాత నోడల్ బ్యాంకైన కెనరా బ్యాంకు ద్వారా క్లెయిమ్ చేసుకుంటుంది. అందుకే "నా అకౌంట్ సీఎస్ఐఎస్ కింద ట్యాగ్ అయిందా?" అని బ్రాంచిలో అడగండి. నోటితో సరిపెట్టకుండా ఈమెయిల్‌లో అడిగితే ఇంకా మేలు. ఏడాదికోసారి లోన్ స్టేట్‌మెంట్ తీసి సబ్సిడీ జమ అయిందో లేదో చూసుకోవాలి. ఈ ప్రయోజనం ఒక విద్యార్థికి ఒక్కసారే. డిగ్రీకి వాడుకుంటే పీజీకి ఉండదు.

ఆదాయం 4.5 లక్షలు దాటినవారి కోసం 2024 నవంబర్ 6న కేంద్ర మంత్రివర్గం పీఎం విద్యాలక్ష్మిని ఆమోదించింది. ఇందులో రెండు భాగాలున్నాయి. రెంటినీ కలిపేసి చదివితే గందరగోళం అవుతుంది.

మొదటి భాగం లోన్. ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో మెరిట్ మీద సీటు వచ్చిన ఎవరికైనా తనఖా, పూచీకత్తు లేకుండా లోన్ ఇవ్వాలి. దీనికి ఆదాయ పరిమితి లేదు. ఆ సంస్థలంటే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో మొదటి వందలో ఉన్నవి, 101 నుంచి 200 మధ్య ఉన్న రాష్ట్ర ప్రభుత్వ సంస్థలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలన్నీ. పథకం మొదలైనప్పుడు ఇలాంటివి 860 ఉన్నాయి. ర్యాంకులు ఏటా మారతాయి కాబట్టి మీ కాలేజీ పేరు పోర్టల్‌లో చూసుకోవడమే సరైన దారి. కాలేజీ బ్రోషర్‌లో రాసింది నమ్మి కూర్చోకండి.

రెండో భాగం వడ్డీ రాయితీ. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు లోన్‌పై మారటోరియంలో 3 శాతం వడ్డీని ప్రభుత్వం భరిస్తుంది. మన ఉదాహరణలో అది 84 వేలు. అయితే దేశం మొత్తం మీద ఏటా లక్ష మందికే ఇస్తారు. ప్రభుత్వ సంస్థల్లో చదివేవారికి, టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సుల వారికి ప్రాధాన్యం ఉంటుంది. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటున్నవారికి ఇది రాదు. క్రమశిక్షణ చర్యల వల్లో, చదువు సరిగా లేకనో మధ్యలో ఆగిపోయినా పోతుంది. వచ్చే రీయింబర్స్‌మెంట్‌ను వదులుకుని 3 శాతం వడ్డీ కోసం ఎవరూ పోరు. కానీ రెండూ వస్తాయనుకుని బడ్జెట్ వేసుకునేవాళ్లు ఉన్నారు, వాళ్ల కోసమే ఈ మాట.

ఇల్లు తనఖా పెట్టాల్సిందేనా?

4 లక్షల వరకు ఎడ్యుకేషన్ లోన్‌కు బ్యాంకులు ఎలాంటి తనఖా తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఆ పైన 7.5 లక్షల వరకు కేంద్రం క్రెడిట్ గ్యారంటీ ఇస్తుంది, లోన్ మునిగితే బాకీలో 75 శాతం ఆ నిధి భరిస్తుంది. ఆ గ్యారంటీ కింద ఇచ్చే లోన్‌కు తనఖా గానీ, మూడో మనిషి పూచీకత్తు గానీ అడగరు. మార్జిన్ సంగతి కూడా తెలుసుకోండి. 4 లక్షలు దాటితే దేశంలో చదువుకు 5 శాతం, విదేశీ చదువుకు 15 శాతం మీరు పెట్టుకోవాలి.

7.5 లక్షలు దాటాక సాధారణంగా ఆస్తి అడుగుతారు. ఐఐటీ, ఐఐఎం, ఎన్ఐటీ వంటి సంస్థల్లో సీటు వస్తే పెద్ద బ్యాంకులు అంతకంటే ఎక్కువ మొత్తం కూడా తనఖా లేకుండానే ఇస్తాయి. సీటు బలమే అక్కడ పూచీ.

ఆస్తి పెట్టాల్సి వస్తే మన ఊళ్లలో ఒక నిరాశ తప్పదు. పట్టాదారు పాస్‌బుక్ తీసుకెళ్లి "ఐదెకరాలుంది, దీని మీద ఇవ్వండి" అంటే బ్రాంచి మేనేజర్ తల అడ్డంగా ఊపుతారు. బాకీ పడితే కోర్టుకు వెళ్లకుండా ఆస్తి స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే చాలా బ్యాంకులు పొలాన్ని వద్దంటాయి. అసైన్డ్ భూమి, అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటు కూడా అంతే. మిగిలేది ఉంటున్న ఇల్లు. లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, డాక్యుమెంట్ల డిపాజిట్ ఖర్చులు మీవే. ఇల్లు అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి అయితే అందరి సంతకాలూ కావాలి. ఆ మాట ఇంట్లో ముందే తెగ్గొట్టుకోకపోతే సీటు గడువు దాటిపోతుంది.

నాన్న సంతకం ఎందుకు?

తల్లి గానీ తండ్రి గానీ కో-అప్లికెంట్‌గా సంతకం పెడతారు. అది సాక్షి సంతకం కాదు. లోన్ ఇద్దరిదీ. అమ్మాయికి ఉద్యోగం ఆలస్యమై ఈఎంఐ ఆగితే ఇద్దరి సిబిల్ స్కోరూ పడిపోతుంది. రేపు తమ్ముడి చదువుకు అదే తండ్రి సంతకం పెట్టాల్సి వస్తే పాత లోన్ ఎదురొస్తుంది. విద్యార్థికి జరగరానిది జరిగినా బాకీ కో-అప్లికెంట్ మీద ఉంటుంది. అందుకే విద్యార్థి పేరు మీద ఆ మొత్తానికి టర్మ్ ఇన్సూరెన్స్ ఉండడం మంచిది. బ్యాంకు తనే ఏదైనా పాలసీ కలుపుతుంటే అది ఏ పాలసీ, ప్రీమియం ఎంత, ఆ ప్రీమియాన్ని లోన్‌లో కలిపి దాని మీద కూడా వడ్డీ వేస్తున్నారా అని అడగండి.

2024 అక్టోబర్ నుంచి ప్రతి రిటైల్ లోన్‌కూ బ్యాంకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపితే ఏడాదికి నిజంగా ఎంత శాతం పడుతోందో అందులో ఉంటుంది. రెండు బ్యాంకులను పోల్చాలంటే పోస్టర్ మీద ఉన్న వడ్డీ రేటు వదిలేసి ఈ అంకె చూడండి.

బ్రాంచిలో కాదంటే?

2015లో మొదలైన విద్యాలక్ష్మి పోర్టల్‌తో ఆన్‌లైన్ దరఖాస్తు దారి తెరుచుకుంది. ఇప్పుడు పీఎం విద్యాలక్ష్మి పోర్టల్‌లో ఆధార్‌తో లాగిన్ అయి బ్యాంకును ఎంచుకోవచ్చు. అడ్మిషన్ లెటర్, కాలేజీ ఇచ్చిన ఏడాదివారీ ఫీజు వివరాలు, మార్కుల మెమోలు, ఆదాయ పత్రం, కో-అప్లికెంట్ ఐటీ రిటర్న్‌లు లేదా జీతం స్లిప్పులు, ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంట్ స్కాన్ చేసి సిద్ధంగా పెట్టుకోండి. ఆదాయ పత్రం మీసేవలో లేదా సచివాలయంలో తీసుకోవడానికి కౌన్సెలింగ్ దాకా ఆగొద్దు. ఫలితాలు రాగానే రద్దీ పెరుగుతుంది.

ఆన్‌లైన్‌లో పెట్టడం వల్ల పెద్ద లాభం ఒకటుంది. దరఖాస్తుకు తేదీ, నంబరు ఉంటాయి. బ్రాంచికి నాలుగుసార్లు తిరిగి నోటిమాటతో వెనక్కి వచ్చిన కుటుంబం దగ్గర ఫిర్యాదు చేయడానికి కాగితం ముక్క కూడా ఉండదు.

"మీ ఇల్లు మా ఏరియాలో లేదు" అనే కారణంతో ఎడ్యుకేషన్ లోన్ తిరస్కరించకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది. తండ్రి పాత క్రెడిట్ కార్డు బాకీ వల్ల స్కోరు తక్కువగా ఉంటే అది నిజంగానే అడ్డంకి. అయితే సిబిల్ స్కోరు తక్కువ అన్న ఒక్క కారణంతో విద్యార్థికి లోన్ నిరాకరించకూడదని కేరళ హైకోర్టు 2023 మేలో ఒక కేసులో చెప్పింది. మన రాష్ట్రాల్లో ఏ బ్రాంచీ ఆ తీర్పుకు కట్టుబడి ఉండదు. కానీ రాతపూర్వకంగా అడిగేటప్పుడు ఆ మాట పనికొస్తుంది. స్కోరు బాగున్న తల్లినో, అన్ననో, మేనమామనో కో-అప్లికెంట్‌గా చూపడానికి ఒప్పుకునే బ్యాంకులూ ఉన్నాయి.

కాదంటే కారణం రాసి ఇవ్వమనండి. బ్యాంకుకు ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సంతృప్తిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. టోల్‌ఫ్రీ నంబర్ 14448.

అమెరికా, బ్రిటన్ చదువులకైతే?

పైన చెప్పిన రెండు వడ్డీ పథకాలూ విదేశీ చదువుకు వర్తించవు. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి, మైనారిటీల ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నాయి. కుటుంబ ఆదాయం 5 లక్షల లోపు ఉండి ఎంపికైతే 20 లక్షల దాకా గ్రాంటు వస్తుంది, తిరిగి కట్టక్కర్లేదు. అయితే ఒక మెలిక ఉంది. సగం డబ్బు అక్కడ దిగాక ఇమిగ్రేషన్ కాగితాలు చూపిస్తే వస్తుంది, మిగతా సగం మొదటి సెమిస్టర్ ఫలితాల తర్వాత. అంటే వీసాకు చూపించడానికి, మొదటి ఫీజుకు, టికెట్‌కు డబ్బు ముందే ఉండాలి. గ్రాంటు వచ్చే కుటుంబానికి కూడా లోన్ అవసరం పడేది ఇందుకే. గ్రాంటు చేతికి రాగానే ఆ లోన్‌లో జమ చేస్తే వడ్డీ అక్కడితో తగ్గుతుంది.

తనఖా లేకుండా తొందరగా ఇచ్చే ఎన్‌బీఎఫ్‌సీల వైపు హైదరాబాద్‌లో ఎక్కువ మంది వెళ్తున్నారు. వాటిలో వడ్డీ సాధారణంగా ప్రభుత్వ బ్యాంకుల కంటే ఎక్కువ. చదువుతుండగానే వడ్డీ మొత్తమో, కొంతో ప్రతి నెలా కట్టమంటాయి. కన్సల్టెన్సీ వాళ్లు ఒకే సంస్థ పేరు పదేపదే చెబుతుంటే వాళ్లకు అక్కడ కమీషన్ ఉందేమో ఆలోచించండి. ఖాతాలో కొన్నాళ్లు డబ్బు ఉంచి చూపిస్తామనే బేరాలకు పోకండి. దొంగ కాగితాలు బయటపడితే పోయేది వీసా ఒక్కటే కాదు, మళ్లీ అప్లై చేసుకునే అవకాశం కూడా.

లోన్ రూపాయల్లో, ఫీజు డాలర్లలో ఉంటుంది. 40 వేల డాలర్ల ఫీజు డాలర్ 83 రూపాయలున్నప్పుడు 33.2 లక్షలు. 2025 డిసెంబర్‌లో డాలర్ 90 దాటింది, ఆ రేటుకు అదే ఫీజు 36 లక్షలు. మంజూరైన మొత్తం మాత్రం పాతదే. కాబట్టి లోన్ అడిగేటప్పుడు మారకపు రేటుకు కొంత జాగా ఉంచి అడగాలి. వాడకపోతే వడ్డీ పడదు. విడుదల చేసిన డబ్బుకే వడ్డీ.

పన్ను విషయంలో ఒక ఊరట ఉంది. ఆర్థిక సంస్థ నుంచి తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్‌తో విదేశానికి పంపే ఫీజు మీద 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ లేదు. సొంత డబ్బు పంపితే ఏడాదిలో 10 లక్షలు దాటిన మొత్తంపై టీసీఎస్ పడుతుంది, రిటర్న్ వేసి సర్దుబాటు చేసుకోవాలి.

ఇక అసలు ప్రశ్న. 40 లక్షల లోన్‌కు 11 శాతం వడ్డీతో పదేళ్లకు ఈఎంఐ 55 వేలు. మారటోరియం వడ్డీ కలిస్తే ఇంకా ఎక్కువ. డాలర్లలో జీతం వస్తే ఇది పెద్ద మొత్తం కాదు. అక్కడ ఉద్యోగం దొరక్క వెనక్కి వస్తే మాత్రం ఇక్కడ కొత్తగా చేరిన ఉద్యోగి జీతమంతా దానికే పోతుంది. ఇల్లు తనఖా పెట్టే ముందు రెండో లెక్క కూడా కాగితం మీద వేసి, ఇంట్లో పెద్దల ముందు పెట్టండి.

కట్టడం మొదలయ్యాక

చేతికి డబ్బు వచ్చినప్పుడల్లా అసలులో కట్టేయవచ్చు. ఫ్లోటింగ్ వడ్డీ మీద వ్యక్తులు సొంత అవసరానికి తీసుకున్న లోన్‌ను ముందుగా తీర్చినందుకు జరిమానా వేయకూడదు. మొదటి బోనస్, పెళ్లికి ముందు పొదుపు, ఆలస్యంగా వచ్చిన రీయింబర్స్‌మెంట్ ఏదైనా సరే.

కట్టిన వడ్డీకి పన్ను మినహాయింపు ఉంది. 80ఈ సెక్షన్‌గా అందరికీ తెలిసినది ఇదే. దీనికి గరిష్ఠ పరిమితి లేదు, ఎనిమిదేళ్ల పాటు వాడుకోవచ్చు. పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే వర్తిస్తుంది. అసలుకు లేదు, వడ్డీకే. బాబాయి దగ్గర తీసుకున్న అప్పు వడ్డీకి రాదు, బ్యాంకు లేదా గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చిందై ఉండాలి.

ఉద్యోగం రాలేదు, లేదా వచ్చి పోయింది అనుకోండి. ఫోన్ ఎత్తకుండా ఉండడం వల్ల మేలు జరగదు. 90 రోజులు దాటితే లోన్ మొండి బకాయి అవుతుంది, ఆ ముద్ర పడ్డాక దారులు మూసుకుపోతాయి. నిరుద్యోగ కాలాన్ని దృష్టిలో పెట్టుకుని మారటోరియం పొడిగించే వెసులుబాటు మోడల్ స్కీమ్‌లోనే ఉంది. మొదటి ఈఎంఐ తప్పకముందే బ్రాంచికి వెళ్లి రాతపూర్వకంగా అడగండి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8 గంటల ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు.

లోన్ తీరిన రోజు నో డ్యూ సర్టిఫికెట్ తీసుకోండి. నెల తర్వాత సిబిల్‌లో ఖాతా క్లోజ్ అయినట్టు చూపిస్తోందో లేదో చూడండి. ఇంటి కాగితాలు తనఖాలో ఉంటే బ్యాంకు 30 రోజుల్లో ఒరిజినల్స్ తిరిగి ఇవ్వాలి. తన తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల రూపాయల చొప్పున మీకే చెల్లించాలి.